పెంపకము – పాలనము

హిందీలో 'పాల్‌నా' అను క్రియకు పెంచుట అని అర్థము. బిడ్డను పెంచుటకును, ఆవును పెంచుటకును, చిలుకను పెంచుటకును ఆ భాషవారు ఈ ఒక్క మాటనే వాడుదురు. నామవాచకముగా అదే మాట పసిబిడ్డను పరుండబెట్టు ఉయ్యాలకు పేరు. అదే ధాతువునుండి వచ్చిన 'పాలన' తెలుగులో రాజ్యమేలుట అను అర్థమున స్థిరపడినది. ఒక భాషలో ఉయ్యాల, మరియొక భాషలో సింహాసనము. రెండు భాషల నడుమ రాకపోకలు సాగించువారికి ఇట్టి మాటలు తరచుగా ఎదురగుచుండును. పెక్కింటిని చూచి నవ్వుకొని సాగిపోవచ్చును. ఈ మాటను మాత్రము అట్లు విడిచి పోవుట కష్టము. ఏలయన ఒక ప్రాణిని ఇంట ఉంచుకొనుటలోని చిక్కు అంతయు ఈ రెండర్థముల నడుమనే ఉన్నది. పెంచువాడు తల్లియా, ప్రభువా?

కుక్కను పెంచువాని విషయమున ఈ ప్రశ్న కొంత మెత్తబడును. ఆకలిగొన్న కుక్క కాళ్ళచుట్టు తిరుగును. విసిగిన కుక్క మొరుగును. మరియు విసిగినచో వాకిలి దాటి వీధిన పడును. ఆవు కట్టుత్రాటిని తెంచుకొనును. పంజరములోని చిలుక సైతము అరచి ఇంటివారిని నిదుర లేపగలదు. ఈ ప్రాణులన్నిటికిని యజమానునితో వాదించుటకు ఏదో యొక సాధనము కలదు. గాజుతొట్టిలోని చేపకు అట్టిది లేదు. దాని మొర మన చెవికి అందదు. తొట్టిని దాటి దూకినచో అది చావును దప్ప స్వేచ్ఛను పొందదు. అది మునిగియున్న నీరు, ఆ నీటి వేడిమి, అందులోని ప్రాణవాయువు, పగలు, రాత్రి, ఆహారము, ఇరుగుపొరుగు—సమస్తమును మరియొకని చేతిలో ఉన్నవి. ఏ చక్రవర్తికిని తన ప్రజలపై లేనంతటి అధికారము, అంగడిలో ఒక చేపను కొని ఇంటికి తెచ్చుకొన్న సామాన్య గృహస్థునికి కలుగుచున్నది. కావున పాలనధర్మమును పరిశీలింపగోరువారికి రాజ్యముకంటె గాజుతొట్టియే అనువైన స్థలము.

దూరము పోనక్కరలేదు, మన దేశపు చేపనే ఉదాహరణగా తీసికొందము. సిక్లిడ్ అని శాస్త్రజ్ఞులు పిలుచు చేపల కుటుంబము ముఖ్యముగా ఆఫ్రికా, అమెరికా ఖండములది. ఆఫ్రికాలోని పెద్ద సరస్సులలో దాని జాతులు వందల సంఖ్యలో ఉన్నవి. భారతదేశమునకు సహజమైనవి మూడు మాత్రమే. మొదటిది కేరళ ప్రభుత్వము 2010లో రాష్ట్రమత్స్యముగా ప్రకటించిన కరిమీను. రెండవది దక్షిణ కర్ణాటక నదులకు చెందిన కెనరా పెర్ల్‌స్పాట్. మూడవది మలయాళీలు పల్లత్తి అనియు, రంగుచేపల వ్యాపారులు ఆరెంజ్ క్రోమైడ్ అనియు పిలుచు చిన్నచేప. వీని దగ్గరి చుట్టములు సముద్రమునకు ఆవల మడగాస్కరు దీవిలో ఉన్నవి. 1795లో జర్మను పండితుడు బ్లోఖ్ ఈ మూడవదానికి శాస్త్రనామము పెట్టినాడు. 'మచ్చలు గలది' అని దాని భావము. దక్షిణ భారతమునందును, శ్రీలంకయందును, నదులు సముద్రముతో కలియు ఉప్పుటేళ్ళలోను, తీరపు కాయలులలోను, చేరువనున్న మంచినీటి వాగులలోను ఇది నివసించును. పొడవు సుమారు ఎనిమిది సెంటీమీటర్లు. పసుపును నారింజయు కలిసిన మేను, దానిపై వరుసలు తీరిన ఎర్రని చుక్కలు, ప్రక్కను నల్లని మచ్చ. ఉప్పునీటికిని మంచినీటికిని నడుమ పుట్టినదగుటచేత ఇంటి తొట్టిలోని మంచినీటికి సైతము అది అలవాటుపడగలదు. ఇంత చిన్నది, ఇంత రంగైనది, ఇంత ఓర్పు గలది. కొనువానికి ఇంకేమి కావలెను?

కొనువాడు రంగును చూచి కొనును. ఇందులో తప్పు లేదు. కంటికి ఇంపైనదానిని చేరదీయుట మానవస్వభావము. కాని ఆ రంగు ఎవరి కొరకు పుట్టినది? ఈ ప్రశ్న వేసికొన్ననాడే పెంపకము నీతివిషయముగా మారును.

పల్లత్తి దాంపత్యము గల చేప. ఆడుదియు మగదియు జతకూడి ఒక రాతినో, వేరునో, ఆకునో శుభ్రపరచి, దానిమీద గ్రుడ్లను అంటించును. అటుపిమ్మట రెండును వంతులవారీగా వానికి కావలి కాయుచు, రెక్కలతో నీటిని విసరుచు, చెడిన గ్రుడ్లను ఏరివేయుచుండును. పిల్లలు వెడలినపిమ్మట వానిని చిన్న గుంటలలో దాచి, నోటితో ఒకచోటినుండి మరియొకచోటికి మార్చును. పిల్లలు ఈదసాగిన తరువాత జరుగునది మరింత ఆశ్చర్యకరము. అవి తల్లిదండ్రుల మేనికి మాటిమాటికి తగులుచు, ఆ మేనిమీద ఊరు జిగురును కొరికి తినును. చేపజాతిలో దీనిని స్తన్యమునకు సాటిగా చెప్పవచ్చును. వార్డ్, బార్లో అను ఇరువురు శాస్త్రజ్ఞులు ఈ చేపపిల్లలు తల్లిదండ్రుల మేనికి తగులు తీరును పరిశీలించి 1967లో విపులమైన వ్యాసమును ప్రకటించిరి. అపాయము తోచినపుడు తల్లిగాని తండ్రిగాని తన పొట్టక్రింది నల్లని రెక్కలను చటచట ఆడించును. చెదరియున్న పిల్లలు వెంటనే వచ్చి చేరును. అనగా ఆ నలుపు అలంకారము కాదు, పిలుపు. ఆ పసుపు జతకు చెప్పు మాట. ప్రక్కనున్న మచ్చ పొరుగువానికి చేయు హెచ్చరిక. మనము చిత్రముగా చూచుచున్నది వాస్తవమునకు ఒక సంభాషణ. ఆ సంభాషణలో మనకు పాత్ర లేదు. మనము పొరుగింటి మాటలను కిటికీనుండి విని, వాని భావము తెలియక, ధ్వని మాత్రము బాగున్నదని మెచ్చుకొనువారివంటివారము.

ఇచ్చట విపణి చేసిన పని యొకటి గమనింపదగినది. నేడు అంగళ్ళలో కనబడు ఆరెంజ్ క్రోమైడులలో పెక్కు, నల్లని గుర్తులు లోపించి ఒడలంతయు బంగారువన్నె తేరిన రకమునకు చెందినవి. కొనువారికి పసుపు నచ్చినది, నలుపు నచ్చలేదు; కావున పెంచువారు తరతరములుగా పసుపును ఎన్నుకొని నలుపును విడిచిరి. ఏ సిరాతో ఆ చేప తన బిడ్డలకు జాబు వ్రాసెడిదో, ఆ సిరానే మనము కడిగివైచి, కాగితము ఎంత మెరయుచున్నదో చూడుమని మురియుచున్నాము. ఇందులో ఎవరును చేపను కొట్టలేదు, తిట్టలేదు, ఆకలితో మాడ్చలేదు. క్రూరత్వము లేకయే ఒక జీవితమును తన రుచికి అనుగుణముగా దిద్దుట సాధ్యమని దీనివలన తెలియుచున్నది. పాలకులు పెక్కుమంది చేయునదియు ఇదియే.

ఇక నీటి సంగతి. తేరిన నీరు చేపకు పనికివచ్చు నీరని గ్రహింపరాదు. చేప మొప్పలనుండియు, మలమునుండియు, తినగా మిగిలిన ఆహారము క్రుళ్ళుటవలనను అమ్మోనియా పుట్టును. నదిలో దానిని ప్రవాహము కొనిపోవును. తొట్టిలో అది చేపచుట్టునే నిలిచి మొప్పలను కాల్చును. ప్రకృతి దీనికి విరుగుడును ఏర్పరచినది. కంటికి కనబడని సూక్ష్మజీవులు కొన్ని అమ్మోనియాను నైట్రైట్‌గా మార్చును. మరికొన్ని ఆ నైట్రైట్‌ను అంతగా హానిచేయని నైట్రేట్‌గా మార్చును. ఈ సూక్ష్మజీవులు తొట్టిలోని ఇసుకమీదను, ఫిల్టరులోను స్థిరపడుటకు నాలుగైదు వారములు పట్టును. ఆ వ్యవధి కడచువరకు చేపను తెచ్చుట, కట్టని ఇంట బిడ్డను పరుండబెట్టుటవంటిది. మరల కొళాయినీటిలో క్లోరిన్ ఉండును. అది మనకు రక్ష, చేపమొప్పలకు నిప్పు. దానిని విరిచిన పిమ్మటనే నీటిని తొట్టిలో పోయవలెను. వారమున కొకసారి నాలుగవవంతు నీటిని మార్చవలెను. అంతయు ఒక్కసారి మార్చినచో నీటి గుణమును వేడిమియు హఠాత్తుగా మారి చేప తల్లడిల్లును. నీరు ఇరువదినాలుగు మొదలు ఇరువదియెనిమిది డిగ్రీల వెచ్చదనమున నిలుచుచుండవలెను. ఆమ్లగుణము గల నీరు ఈ చేపకు సరిపడదు. ఉప్పుటేటి చేపయగుటచేత కొంచెము గట్టినీరే దానికి హితము.

ఈ వివరములు నీతిని గూర్చిన వ్యాసమున ఏల అని చదువరి అడుగవచ్చును. నా అభిప్రాయమున నీతి ఇచ్చటనే ఉన్నది. తొట్టిని కట్టినవాడు నదికి బదులుగా నిలిచినాడు. వాన, వరద, ఎండ, ప్రవాహము చేయు పనులన్నియు ఇక అతడే చేయవలెను. నది తాను చేయు పని నెరుగకయే చేయును. మనుష్యుడు ఎరుగక చేయలేడు. కావున అతనియందు అజ్ఞానము కేవలము లోపము కాదు, అపరాధము. చేపపై ఎంత ప్రేమ యున్నను అమ్మోనియా తరుగదు. పైగా ప్రేమయే కీడు చేయు సందర్భములు కలవు: ముద్దుగా తొట్టిదగ్గరకు వచ్చిన చేపకు ఇంటిలోని నలుగురును నాలుగుసార్లు తిండి వేయుదురు, మిగిలిన తిండి క్రుళ్ళును, చేప చచ్చును. దానిని చంపినది ద్వేషము కాదు. తెలిసికొనని ప్రేమకును ద్వేషమునకును, చేప పక్షమునుండి చూచినచో, భేదము లేదు.

పిమ్మట తొట్టి కొలత. మన దేశమున 1960లో జంతువులపట్ల క్రూరత్వమును నివారించుటకై ఒక చట్టము వచ్చినది. అందులో జంతువనగా మానవుడు తప్ప ఏ ప్రాణియైనను అని నిర్వచించిరి. కదలాడుటకు తగినంత పొడవు, వెడల్పు, ఎత్తు లేని బోనునందుగాని పాత్రయందుగాని ప్రాణిని బంధించుట నేరమనియు అందు కలదు. బల్లమీద అందముగా నుండు గుండ్రని గాజుకుండ ఈ మాటకు నిలువగలదా అని ఎవరికివారు ఆలోచింపవలెను. ఆరు పల్లత్తులు గుంపుగా జీవించుటకు నూరు లీటర్ల తొట్టి కనీసము. చేప తొట్టికి తగినంతయే పెరుగునని లోకమున ఒక మాట వ్యాపించియున్నది. అది ఎదుగుదల చచ్చినందుకు గురుతే గాని, చేప సర్దుకొన్నందుకు గురుతు కాదు.

భాగవతములోని సత్యవ్రతుని కథ తెలుగువారికి సుపరిచితము. ద్రవిడదేశపు రాజు కృతమాలానదిలో తర్పణము చేయుచుండగా దోసిట ఒక చేపపిల్ల పడినది. నదిలో విడువబోగా, పెద్దచేపలు నన్ను మ్రింగును, కాపాడుమని అది వేడినది. రాజు దానిని కమండలములో ఉంచెను. అది కమండలమునకు మించి పెరిగినది. పెద్ద పాత్రలో ఉంచెను, దానికిని మించినది. సరస్సున విడిచెను, అదియు చాలలేదు. తుదకు సముద్రమునకు చేర్చెను. భక్తులు ఇందు భగవంతుని అవతారమును చూతురు. ఆ మహిమను పక్కన ఉంచి చూచినను, ఈ కథ పెంపకమును గూర్చి చెప్పదగిన మాటను చెప్పుచున్నది. చేప పెరిగినపుడెల్ల రాజు పాత్రను మార్చెను. ఒక్కసారియైనను చేపను తగ్గుమనలేదు. శరణుజొచ్చినది చేప, శ్రమపడినవాడు రాజు. పాలకుడు ఎవరు, పాలితుడు ఎవరు అను సందేహము కలుగునంతగా రాజు ఆ చేప అవసరముల వెంట నడిచెను. పాలన యనునది ఆ నడకకే పేరు.

ఆ చేపపిల్ల రాజును వేడుటకు కారణము మత్స్యన్యాయము. బలిసిన చేప చిన్నచేపను మ్రింగుట. మన రాజనీతికారులు రాజు లేని దేశమునకు ఈ పేరు పెట్టిరి. తొట్టిని పెట్టినవాడు ఈ న్యాయమును నిత్యము ఎదుర్కొనవలసియుండును. సిక్లిడ్లు స్వభావముచేతనే తావులకొరకు పోరాడు చేపలు. రెండింటిని ఇరుకుతావున ఉంచినచో బలమైనది రెండవదానిని తరిమి తరిమి చంపును. గుంపుగా ఉంచి, రాళ్ళు, వేళ్ళు, మొక్కలు అమర్చి, చూపునకు చూపు తగులకుండ మరుగులు కల్పించినచో ఆ పోరు పలువురిమీదికి చెదరి ఎవరిని చంపదు. పాలకుడు చేపలకు అహింసను బోధింపలేడు. హింస ప్రాణాంతకము కాకుండునట్లు స్థలమును అమర్చగలడు. అంతకుమించి ధర్మాధర్మములను వానిపై రుద్దుట అవివేకము. పల్లత్తి కరిమీను గ్రుడ్లను, పిల్లలను దొంగిలించి తినును. పల్లత్తి పిల్లలు కరిమీను మేనినంటిన చెడుగును తిని దానిని శుభ్రపరచును. పొరుగువానికి ఒకే ఇంటివారు దొంగలును, వైద్యులును. శ్రీలంక కాయలులలో శాస్త్రజ్ఞులు చూచిన ఈ బ్రతుకును మంచిదనుటకుగాని చెడ్డదనుటకుగాని మనకు అధికారము లేదు. తెలిసికొని, తదనుగుణముగా నడచుకొనుటకు మాత్రమే మనము బద్ధులము.

చేపకు సుఖదుఃఖములు కలవా అను సందేహము చిరకాలముగా ఉన్నది. 2003లో బ్రిటనులో స్నెడన్ మొదలగువారు ట్రౌట్ చేపల ముఖమున బాధను గ్రహించు నాడీతంతువులు గలవని చూపిరి. 2019లో ఫ్రాన్సుదేశపు శాస్త్రజ్ఞులు మధ్య అమెరికాకు చెందిన యొక సిక్లిడ్ జాతిపై మరింత సూక్ష్మమైన పరీక్ష జరిపిరి. ఆడుచేపలకు, ఒక రంగు మూత గల పెట్టెలో ఆహారముండుననియు, మరియొక రంగు మూత గలదానిలో ఉండదనియు నేర్పిరి. పిమ్మట రెండు రంగులకును నడిమి రంగు గల మూతను చూపిరి. తాను కోరిన మగచేపతో కూడియున్నది ఆశతో ఆ పెట్టెను తెరచుటకు వచ్చెను. దానినుండి ఎడబాసినది తడవు చేసెను. ఎడబాటు పొందినదానికి లోకము కొంత చీకటిగా తోచినదని శాస్త్రజ్ఞులు భావించిరి. చేప హృదయమున సరిగా ఏమి జరిగినదో మనము చెప్పలేము. ప్రక్కనున్న మనుష్యుని హృదయమును గూర్చియు చెప్పలేము. కాని జతకూడిన చేపలలో నొకదానిని తీసి సంచిలో వేసి అమ్ముట, అంగడివానికి లెక్కలోని ఒక అంకె మాత్రమే యైనను, చేపకు అంతమాత్రమే కాదని నమ్ముటకు ఇది చాలును.

ఆహారమునందును ధర్మసంకటము కలదు. ప్రియదర్శి యైన అశోకుడు తన పరిపాలనలో ఇరువదియారవ యేటి తరువాత చెక్కించిన ఐదవ స్తంభశాసనములో చంపరాని ప్రాణులను పేర్కొనెను. వానిలో చేపలును ఉన్నవి. ఒక జీవితో మరియొక జీవిని పోషింపరాదనియు ఆ శాసనము విధించుచున్నది. ఈ విధిని తొట్టి యజమానుడు పాటింపగలడా? పల్లత్తి కొంత నాచును తినునుగాని, పురుగులు లేక ఆరోగ్యముగా జీవింపదు. దోమపిల్లలను, ఎర్రపురుగులను, ఉప్పునీటి చిన్నరొయ్యలను దానికి వేయుదురు. మేతగా అమ్ము పొడులును చేపమాంసముతో చేసినవే. తన ఇంట శాకాహారనియమము పాటించువాడును తన చేపకొరకు ప్రతిదినము హింసకు పూనుకొనవలసియున్నాడు. దీనికి పరిష్కారము లేదు. ఒక ప్రాణిని పాలించుట యనగా దాని పాపపుణ్యముల లెక్కలోనికి సైతము ప్రవేశించుట. చేతులు తడవకుండ చేపను పెంచజాలము.

ఇచ్చట పూర్వపక్షములు కొన్ని వినవలసియున్నవి. నదిలో ఈ చేపను కొంగ తినును, పెద్దచేప తినును, ఎండకు మడుగింకిన చచ్చును. తొట్టిలో అట్టి భయము లేదు, వేళకు తిండి కలదు. కావున తొట్టియే మేలుకదా అని కొందరందురు. ఈ వాదము క్రొత్తది కాదు. బానిసలను ఉంచుకొన్నవారును, పరదేశములను ఏలినవారును ఈ మాటలనే పలికిరి. భయము లేకుండుట మంచిదే. కాని భయముతోపాటు చేయదగిన పనులన్నియు పోయినచో ఆ మంచి ఎంత? చేపకు కావలసినది భద్రతయొక్కటియే కాదు. కావలి కాయుటకు గ్రుడ్లు, తరుముటకు శత్రువు, వెదకుటకు ఆహారము, దాగుటకు చీకటి కావలెను. తొట్టి వీనిని కొంతవరకు ఈయగలదు. ఈయగల తొట్టి క్షమింపదగినది. భద్రతను మాత్రము చూపించి మిగిలినవానిని హరించు తొట్టి క్షమింపదగినది కాదు.

అట్లయినచో పెంచకుండుటయే ఉత్తమము కదా యని మరికొందరందురు. నదినుండి పట్టి తెచ్చిన చేప విషయమున ఈ మాటకు నాకడ సమాధానము లేదు. కాని తొట్టిలోనే పుట్టి, తొట్టిలోనే పెరిగి, తరములుగా నదిని ఎరుగని చేపలు నేడు లక్షలుగా ఉన్నవి. వానిని ఎవరో ఒకరు పాలింపవలెను. ఇంకొక మాట. పల్లత్తి తన మేని జిగురుతో బిడ్డలను పోషించునని, నల్లని రెక్కతో పిలుచునని లోకమునకు తెలిసినది ముఖ్యముగా తొట్టిముందు ఓపికతో కూర్చున్నవారివలననే. 1951లో బొంబాయిలో తారాపోర్‌వాలా మత్స్యశాల తెరచిననాటినుండి ఎన్నో లక్షల పిల్లలు గాజుకు ముక్కు ఆనించి, చేప యనగా కూర మాత్రమే కాదని మొదటిసారి తెలిసికొనియుందురు. అట్టి జ్ఞానమునకు వెల ఉన్నది. ఆ వెలను చెల్లించినది మనము కాదు, చేప. ఋణము ఎవరికి ఉన్నదో మరువకుండుటయే మనము చేయగలది.

మనుష్యులు ఆకలితో ఉండగా చేపకు ఇంత సంరంభమా యని అడుగువారును ఉందురు. ప్రశ్న సరియైనదే, కాని దానిని అడుగవలసిన వేళ చేపను కొనుటకు ముందు. కొని తెచ్చి తొట్టిలో వేసిన తరువాత, లోకమున పెద్ద బాధలున్నవి కావున ఈ చిన్న బాధను నేను చూడనక్కరలేదనుట, పెద్ద అప్పులవారిని చూపి తన చిన్న అప్పును ఎగవేయుటవంటిది.

పైని చెప్పిన చేప మన నదులలో పుట్టినది. దాని రంగును మాత్రమే మనము మార్చితిమి. రూపమునే మార్చిన చేపలును కలవు. మలేసియాలో 1990 ప్రాంతపు దశకమున పలు అమెరికా సిక్లిడ్ జాతులను కలిపి ఫ్లవర్‌హార్న్ అను చేపను సృష్టించిరి. దాని నుదుట పెద్ద బొడిపె యుండును. ఆ బొడిపె పెరిగిన కొలది ఇంటికి అదృష్టము కలుగునని నమ్మి హైదరాబాదు మొదలు అనేక నగరములలో దానిని ప్రీతితో ఉంచుకొనుచున్నారు. తైవానులో రూపొందిన ప్యారట్ సిక్లిడ్ అను సంకరజాతికి నోరు పూర్తిగా మూతపడదు. అది మేతను నమలుటకే కష్టపడును. కొందరు వ్యాపారులు దాని మేనిలోనికి సూదితో రంగులను ఎక్కింతురు, బొమ్మలను చెక్కింతురు. సత్యవ్రతుడు చేపకొరకు పాత్రను మార్చినాడు. ఇచ్చట పాత్రకొరకు, అనగా మన కన్నుకొరకు, చేపనే మార్చినారు. పెంపకము తలక్రిందులైనది. తన అదృష్టము మరియొక ప్రాణి నుదుట వాచియుండవలెనని కోరువాడు దేనిని పెంచుచున్నాడో తన్ను తాను ప్రశ్నించుకొనవలెను.

విసిగినచో విడిచిపెట్టుదమనుటయు ధర్మము కాదు. సత్యవ్రతుని చేపకు సముద్రము సొంతయిల్లు. ఫ్లవర్‌హార్న్‌కు గోదావరి సొంతయిల్లు కాదు. చెరువున విడిచిన పరదేశపు చేప చచ్చుటయో, చంపుటయో జరుగును. ఆఫ్రికాకు చెందిన సిక్లిడ్ తిలాపియాను 1952లో ఆహారముకొరకు మన దేశమునకు తెచ్చిరి; అది నేడు ఎన్నో నీటివనరులలో స్థానిక జాతులను త్రోసివైచి వ్యాపించినది. గాజు పాచిని తినునని తెచ్చుకొన్న దక్షిణ అమెరికా చేపయొకటి, తొట్టికి మించి పెరుగగా చెరువులలోనికి చేరి, ఆంధ్ర తెలంగాణములలో దెయ్యపుచేప యను పేరు పొంది జాలరుల వలలను చింపుచున్నది. విడిచినవారు దయతోనే విడిచియుందురు. ఆ దయకు వెల చెల్లించినవారు జాలరులు, స్థానికపు చేపలు. ఒకమారు తొట్టిలోనికి తెచ్చుకొన్న ప్రాణిపట్ల బాధ్యత ఆ ప్రాణి చచ్చువరకు తీరదు. రాజు రాజ్యమును వదలి సన్యసింపవచ్చును. తొట్టి యజమానునికి ఆ వెసులుబాటు లేదు.

ఇక మొదటి ప్రశ్న. పెంచువాడు తల్లియా, ప్రభువా? తల్లి కాడని పల్లత్తియే సాక్ష్యము చెప్పును. దాని బిడ్డలకు తల్లిదండ్రులున్నారు. వారు తమ మేనినే ఆహారముగా ఇచ్చుచున్నారు. పిల్లలు పెరిగినపిమ్మట వానిని పోనిచ్చుచున్నారు. అట్లు ఇచ్చుటగాని, పోనిచ్చుటగాని మనచేత కాదు. మనము ప్రభువులమే. ఈ మాటను ఒప్పుకొనుట అప్రియముగా నుండును. ఉయ్యాల ఊపుచున్నానని తలచుట హాయిగా నుండును. కాని తాను తల్లినని తలచు ప్రభువు తన ప్రేమనే ప్రమాణముగా గొని, నియమములను లెక్కచేయడు. తాను ప్రభువునని ఎరిగినవాడు తన అధికారమునకు తానే కట్లు వేసికొనును: ఇంత తొట్టి, ఇంత మేత, ఇన్ని దినముల కొకసారి నీరు, జతను విడదీయరాదు, పరజలములలో విడువరాదు. ప్రేమ ఉన్నను లేకున్నను ఈ కట్లు చేపను కాపాడును.

గ్రుడ్లు పెట్టిన పల్లత్తి మరుగున దాగియుండును. తొట్టిముందు నిలిచినవానికి రోజుల తరబడి రాళ్ళును నాచును తప్ప ఏమియు కనబడవు. చూడవచ్చిన బంధువులకు చూపుటకు రంగు లేదు. ఆ దినములలోను నిర్ణీతవేళకు నీరు మార్చి, దీపమార్పి, ఆ మరుగును కదలింపక ఊరకుండువాడు పాలనమెరిగినవాడు.